తడిపూసలు

చింతరేవు జింక్ ఫ్యాక్టరీ పెద్ద గొట్టంలోంచి పొగ రావడం ఆగిపోయిన రోజు పునరావాస కాలనీ జనం సంతోషపడలేదు, హడలిపోయారు. ఫ్యాక్టరీ మూసేశారనుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఆ తెల్లపొగ వాళ్ల నెత్తిమీద ఉంది. పొగ ఉంటే పని ఉన్నట్టు. ఉదయం షిఫ్టుకు వెళ్లినవాళ్లు ఫోన్లు చేసి, "మిషన్లన్నీ తిరగతన్నాయిరా, పొగే నేదు" అని చెప్పేదాకా ఎవరికీ కాలూ చెయ్యీ ఆడలేదు.

ఆ పొగను ఆపింది నీలవేణి. ఫ్యాక్టరీ ప్రయోగశాలకు పెద్ద. పుట్టింది కూడా అక్కడే. ఇప్పుడు కొలిమి ఉన్నచోట వాళ్ల పాత ఊరు ఉండేది. ఊరు పోయిన ఏడే తల్లి కూడా పోతే, మేనత్త ఎర్రమ్మ కాలనీకి తీసుకొచ్చి పెంచింది. పెంచి, చదివించి, తన కొడుకు తవిటినాయుడికే ఇచ్చి చేసింది. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం లెక్కన అతనికి యాసిడ్ ప్లాంటులో ఆపరేటరు పని వచ్చింది. వాళ్లకు పిల్లలు లేరు.

ఆ ఫ్యాక్టరీ చేసే పని పైకి చూస్తే సులువే. ఓడల్లో వచ్చే ఖనిజం పొడిలో జింకును గంధకం అంటిపెట్టుకుని ఉంటుంది. కొలిమిలో వేయిస్తే గంధకం వాయువై లేస్తుంది. ఆ వాయువును కడిగి, ఆరబెట్టి, వేడివేడి ఉత్ప్రేరకం మీదుగా పంపితే యాసిడ్ అవుతుంది. ట్యాంకర్లకెక్కి ఎరువుల కంపెనీలకు పోతుంది. కాగితం మీద లెక్కలో గాల్లోకి పోవడానికి ఏమీ మిగలదు. కానీ మరమ్మతు చేసి కొలిమిని మళ్లీ వెలిగించినప్పుడల్లా రెండు మూడు రోజులు వాయువు పలచగా వస్తుంది. పలచటి వాయువుకు ఉత్ప్రేరకాన్ని వేడిగా ఉంచే సత్తువ లేదు. చల్లారిన ఉత్ప్రేరకం పని చెయ్యదు. వచ్చిన వాయువు వచ్చినట్టే గొట్టమెక్కి కాలనీ మీద దిగేది. ఆ రోజుల్లో కాలనీ తలుపులన్నీ మూసుకునేవి. తల్లులు పిల్లల ముక్కులకు తడిగుడ్డలు కట్టేవాళ్లు. ఎర్రమ్మ పెరట్లో చిక్కుడుపాదు ఆకులు తెల్లారేసరికి బొల్లి వచ్చినట్టు మచ్చలు పడేవి.

నీలవేణి తొమ్మిదేళ్లు కూర్చుని ఒక కొత్త ఉత్ప్రేరకం తయారుచేసింది. వేడి అక్కర్లేదు. చలిలో పని చేస్తుంది, తడిలో ఇంకా బాగా చేస్తుంది. వాయువు ఎంత పలచనైనా వదలదు. శనగగింజంత మట్టిపూసలకు ఆ మందు పట్టించి, పొగగొట్టం మొదట్లో ఒక గది నిండా పోసి, పైనుంచి నీళ్లు చిలకరించారు. మిగిలిన గంధకమంతా అక్కడే యాసిడ్ అయి కిందికి కారిపోయింది. కార్మికులు వాటికి తడిపూసలని పేరు పెట్టారు. కాలనీలో మాత్రం నీలమ్మ పూసలనేవాళ్లు.

"అదేటి సేత్తాదే?" అని ఎర్రమ్మ అడిగింది.

"పెళ్లిళ్లు కుదిర్చే పెద్దమనిషి లేడా అత్తా, అలాంటిది. గంధకాన్నీ గాలినీ కలుపుతుంది. తను మాత్రం ఎవరి సంసారంలోకీ వెళ్లదు. ఎన్ని పెళ్లిళ్లు చేసినా అలాగే ఉంటుంది."

"అరిగిపోదేటి?"

"పోదు."

ఆ మాట చెప్పేటప్పుడు నీలవేణి గొంతులో గర్వం ఉంది.

ఆ ఏడు చిక్కుడు విరగకాసింది. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లలు పురుళ్లకు మళ్లీ కాలనీకే రావడం మొదలుపెట్టారు. అంతకుముందు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఫ్యాక్టరీ మేనేజర్ ప్రకాశరావు గారు సభ పెట్టి శాలువా కప్పారు. మరో పదకొండు ఫ్యాక్టరీలు, వాటిలో నాలుగు పరాయిదేశాలవి, తడిపూసలు తీసుకెళ్లాయి. ఆ సభలో తవిటినాయుడు వెనక వరసలో కూర్చుని, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే గాని ఆపలేదు.

రెండో ఏడు వేసవిలో తవిటినాయుడు చల్లనీళ్లు తాగలేనన్నాడు. పళ్లు జివ్వుమంటున్నాయన్నాడు. ముందుపళ్లు అంచులు అరిగి, గాజుపెంకుల్లా పలచబడి, వెనక వెలుగు కనిపించేంతగా అయ్యాయి. నీలవేణి పెద్దగా కంగారుపడలేదు. యాసిడ్ ప్లాంటులో పనిచేసేవాళ్లకు పళ్లు అరగడం పాత సంగతే. మాస్కు పెట్టుకోమని కేకలేసింది.

తరవాత ఎర్రమ్మకు మొదలైంది. ఎర్రమ్మకు అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెరట్లో రాయి మీద కూర్చుని కాలుస్తుంది. నలభై ఏళ్లలో చుట్ట వల్ల ఒక్క దగ్గు దగ్గి ఎరగదు. అలాంటిది ఒక సాయంత్రం అగ్గిపుల్ల గీయగానే గొంతు పట్టుకుని వంగిపోయింది.

"ఓలమ్మో! ఈ అగ్గిపెట్టిలో ఏటి కలిపీసినారే! గొంతు కోసీసినట్టుంది" అంది. ఉమ్మితే ఎర్రగా పడింది.

"చుట్ట మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?" అంది నీలవేణి.

"సుట్ట ఇంకా ఎలిగించనేదే. పుల్లే గీసినాను."

ఆ మాట నీలవేణి చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. నాలుగు రోజుల తరవాత కాలనీ ఆసుపత్రి డాక్టరు మేరీ సులోచన ప్రయోగశాలకు వచ్చాక దిగింది.

సులోచన మాటలు పొదుపుగా వాడే మనిషి. కుర్చీలో కూర్చుంటూనే అడిగింది. "మీ గాలి మీటర్లు నిజమే చెబుతున్నాయా?"

"నిజమే. గంధకపు వాయువు సున్నా. ఎందుకు?"

"మూడు నెలల్లో అరవై నాలుగు మంది వచ్చారు నా దగ్గరికి. గొంతులు, ఊపిరితిత్తులు యాసిడ్ పొగ పీల్చినవాళ్లలా ఉన్నాయి. వాళ్లలో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు తొమ్మిదిమందే. ఎక్కువమంది ఆడవాళ్లు. వంటింట్లో ఉండగా వస్తోందంటున్నారు. పొయ్యి ముట్టించగానే, ఉల్లిపాయలు వేయించగానే. ఒకామెకు కోడిగుడ్లు ఉడకబెడుతుంటే వచ్చింది. నాకు అర్థం కావడంలేదు, నీలవేణి గారూ."

నీలవేణికి అర్థమైంది. అయినట్టు మొహంలో కనపడనివ్వకుండా, చూసి చెబుతానంది.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. సంచిలో ఒక సీసాడు బేరియం నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లకు ఒక గుణం ఉంది. మామూలు గంధకపు పొగ తగిలితే తేటగానే ఉంటాయి. అసలు యాసిడ్ తగిలితే మాత్రం పాలలా తెల్లబడతాయి. వంటింటి గట్టు మీద సాసరులో ఆ నీళ్లు పోసి, దగ్గరగా అగ్గిపుల్ల గీసి, పొగ పోకుండా పైన గాజుగ్లాసు బోర్లించింది.

పుల్ల ఆరిపోకముందే నీళ్లు తెల్లబడ్డాయి.

రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. ఆ తరవాత బస్సెక్కి ఇరవై మైళ్ల దూరంలో టౌనులో ఉన్న స్నేహితురాలింటికి వెళ్లి, వాళ్ల వంటింట్లో అదే పని చేసింది. అక్కడ నీళ్లు తేటగానే ఉన్నాయి. స్నేహితురాలు టీ ఇస్తే తాగకుండానే తిరిగొచ్చేసింది.

ఇంట్లో బీరువా మీది దుమ్ము వేలితో తుడిచి మర్నాడు మైక్రోస్కోపు కింద పెట్టింది. మట్టి, నూలుపోగులు, బూజు. వాటి మధ్య, పొగాకు రంగులో, కంటికి ఆననంత చిన్న రేణువులు. ఆ రంగును తొమ్మిదేళ్లు చూసింది. అద్దంలో తన మొహంకన్నా ఎక్కువసార్లు చూసింది.

పూసలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఒరుసుకుంటే పొడి రాలుతుంది. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. ఏడాదికి ఎంత రాలుతుందో లెక్కకట్టి, నీళ్లలో కొట్టుకుపోతుందని రాసి, కింద సంతకం పెట్టింది. తడవనంత సన్నటి పొడి ఒకటి ఉంటుందని, అది నీటిచుక్కల మధ్యలోంచి తప్పించుకుని గొట్టమెక్కి వెళ్లిపోతుందని ఆమెకు తోచలేదు. గొట్టంలో పొగ లేదు కాబట్టి దానివైపు ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ పొడి ఇళ్ల మీద, బట్టల మీద, అన్నం మీద పడింది. ఊపిరితో లోపలికి పోయి, ఆ తడిలో కుదురుగా కూర్చుంది. ఆ తరవాత మనిషి ఎక్కడ ఏ కాస్త గంధకం పీల్చినా, లోపలే యాసిడ్.

ప్రకాశరావు గారి గదికి వెళ్లేటప్పుడు ఆమె పోట్లాటకు సిద్ధపడి వెళ్లింది. ఆయన కాదంటారని, పేరు పోతుందంటారని, నోరు మూసుకోమంటారని ఊహించుకుని, ఒక్కోదానికీ జవాబు కూడబెట్టుకుంది. ఆయన అంతా విన్నారు. సాసరులో నీళ్లు తెల్లబడటం చూశారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నా మనవరాలు క్వార్టర్సులోనే ఉందమ్మా. పదిరోజులుగా దగ్గుతోంది" అన్నారు. ఫోను తీసి, కొలిమి ఆపమని చెప్పారు.

ఆ సాయంకాలానికి ఫ్యాక్టరీ ఆగిపోయింది. పదకొండు ఫ్యాక్టరీలకూ ఉత్తరాలు వెళ్లాయి. నీలవేణి ఇంటికొచ్చి, గొట్టం ఆగిపోయింది కాబట్టి ఇక నెమ్మదిగా తగ్గిపోతుందని తవిటినాయుడికి చెప్పింది. చెబుతూనే, తను చెబుతున్నది అబద్ధమని ఆమెకు తెలుసు.

తగ్గలేదు. ఫ్యాక్టరీ పొగ లేకపోతే లోకంలో గంధకం లేకుండా పోతుందా? లారీ పొగలో ఉంది. బెల్లం తెల్లబడటానికి గానుగల దగ్గర వేసే పొగలో ఉంది. పెళ్లి ఊరేగింపు టపాకాయల్లో ఉంది. అన్నిటికన్నా మించి, ఎదురుగా సముద్రం ఉంది. సముద్రం కూడా గంధకాన్ని ఊపిరిలా వదులుతుందని, వేల ఏళ్లనుంచి ఎవరికీ కీడు చెయ్యకుండా వదులుతోందని, నీలవేణి పుస్తకాల్లో చదివింది. ఇప్పుడు సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే కాలనీ మొత్తం ఒక్కసారిగా దగ్గేది. వాన పడితే పొడి అణిగేది, ఎండ కాస్తే లేచేది. పని చేసిచేసి అలిసిపోయే వస్తువు కాదది. అరగదు, తరగదు.

వెళ్లగలిగినవాళ్లు బంధువుల ఊళ్లకు వెళ్లారు. బట్టల మీద కొంత, ఊపిరితిత్తుల్లో కొంత, ఆ పొడిని వెంట తీసుకెళ్లారు. సంగతి పేపర్లలో వచ్చాక బస్సువాళ్లు చింతరేవు దగ్గర ఆపడం మానేశారు. సొంత అన్నదమ్ములే వాకిట్లోనే నిలబెట్టి, మంచినీళ్లిచ్చి, తిరిగి పంపేశారు. పురిటికొచ్చిన ఆడపిల్లలు మొగుళ్ల ఇళ్లకు వెళ్లలేక ఉండిపోయారు. వానాకాలం వచ్చేసరికి కాలనీలో పదిహేడుమంది పోయారు. వాళ్లలో ప్రకాశరావు గారి మనవరాలు ఉంది. ఆయన ఆ పిల్లను తీసుకుని ఎక్కడికీ వెళ్లలేదు. ఎక్కడికి వెళ్లినా ఒకటేనని నీలవేణే చెప్పింది.

జనం తనను కొడతారని నీలవేణి ఎదురుచూసింది. కొట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కుళాయి దగ్గరకు వెళ్తే బిందెలు పక్కకు జరిపి దారిచ్చారు. "మాకోసమే కదమ్మా సేసినావు" అంది ఒక ముసలమ్మ. ఆ మాటకు నీలవేణి బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

ఆమె ప్రయోగశాలలోనే కాపురం పెట్టినంత పని చేసింది. ఆ పొడిని చంపే మందు కావాలి. ఉప్పులు, సున్నాలు, సబ్బులు, నూనెలు, పాలు, రక్తం, ఆసుపత్రిలో ఉన్న మందులన్నీ ఒక్కోటే ఆ పొడి మీద వేసి, గంధకపు వాయువు పంపి చూసేది. ప్రతిసారీ నీళ్లు తెల్లబడేవి. నూట నలభై ఒకటోసారి తెల్లబడలేదు.

సీసా మీద పేరు చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి సహాయకురాలు భయపడి బయటికి వెళ్లిపోయింది.

అది పాషాణం, ఆర్సెనిక్. జింకు ఖనిజంలో ఎప్పుడూ ఒక పిసరు పాషాణం ఉంటుంది. అది తగిలితే ఉత్ప్రేరకం చచ్చిపోతుందని ప్రతి ఫ్యాక్టరీలోనూ దాన్ని ముందే కడిగేస్తారు. చింతరేవులో అందుకోసం ఒక భవనమే ఉంది. ఆ కడిగేసింది పీపాల్లో, తాళం వేసిన గదిలో ఉంది. మందు కావాలంటే కావలసినంత ఉంది.

డాక్టరు సులోచనకు చెప్పింది. ఆమె చాలాసేపు కాగితం మీద ఏదో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసింది.

"ఒకప్పుడు దీన్ని మందుగా వాడేవారు. చుక్కల్లో. కానీ ఊపిరితిత్తుల్లో ఉన్న పొడి మొత్తం చావాలంటే మీరు చెప్పే మోతాదు..." ఆమె కలం మూత పెట్టింది. "పొడి చస్తుంది. మనిషికి రెండు వారాలు కూడా పట్టదు."

"అయితే లేనట్టే."

"లేనట్టే" అంది సులోచన.

ఈ మాటలు తవిటినాయుడికి ఎలా తెలిశాయో నీలవేణికి తెలియదు. కాలనీలో గోడలకు చెవులుంటాయి. అప్పటికి అతను పడుకోవడం మానేసి రెండు నెలలైంది. పడుకుంటే ఊపిరి అందదు. కుర్చీలో కూర్చుని, బల్లమీద దిండు పెట్టుకుని, దానిమీద వాలిపోయి ఉండేవాడు. ఒరుసుకుని చిన్నబడిన పూసలను గదిలోంచి తీసేసి కొత్తవి నింపే పని నాలుగుసార్లు అతనే చేశాడు. పార పట్టుకుని లోపలికి దిగి, పెళ్లాం చేసిన పూసలని మరీ జాగ్రత్తగా ఎత్తాడు. కాలనీ అంతా కలిసి పీల్చినంత అతనొక్కడే పీల్చాడు.

"నీలా" అని పిలిచాడు ఒక ఉదయం. ఒక్కో మాటకూ ఆగాల్సి వస్తోంది. "ఆ పాషాణమేదో... నాకియ్యి."

"నీకెవరు చెప్పారు బావా?"

"ఎవలైతే ఏటి. ఇయ్యి."

"అది తింటే చచ్చిపోతావు."

"ఇప్పుడు... బతికున్నానేటి?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ అడిగాడు. ఆ తరవాత రోజూ అడిగాడు. కోపంగా అడగలేదు, కూరలోకి ఉప్పు అడిగినట్టు అడిగాడు. నెలరోజులు అలా గడిచాయి. ఒకనాడు దగ్గు తెరలో పడి, నీలిరంగుకు తిరిగి, మళ్లీ తేరుకున్నాక ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాను పదికాలాలు బతకాలని అడగట్నేదే. ఒక్కపాలి... నిండుగా పీల్చి... అప్పుడు పోతాను. నువ్వు ఇయ్యకపోతే... ఈ కుర్సీలోనే పోతాను. అంతే కదా తేడా."

ఎర్రమ్మ గుమ్మంలో నిలబడి వింది. కొడుకువైపు చూసింది, కోడలివైపు చూసింది. "అడిగిందియ్యవే" అని పెరట్లోకి వెళ్లి, అటు తిరిగి కూర్చుంది.

నీలవేణి ఇచ్చింది. డాక్టరు సులోచన వచ్చి పక్కన నిలబడింది. ఆవిరిపట్టే గొట్టంతో, రెండు పూటలు. రెండోరోజు మధ్యాహ్నం తవిటినాయుడు కుర్చీలోంచి లేచి వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, పట్టి ఉంచి, వదిలాడు. ఈల వేశాడు. నీలవేణి పుల్ల గీసి, ఆ పొగ పీల్చి సాసరులోని బేరియం నీళ్లలోకి గొట్టంతో ఊదమంది. నీళ్లు తేటగా ఉన్నాయి.

తొమ్మిది రోజులు. మొదటిరోజు చొక్కా తొడుక్కుని, కాలనీ మధ్యనుంచి సముద్రం దాకా నడిచి వెళ్లొచ్చాడు. గుమ్మాల్లో కూర్చుని దగ్గుతున్నవాళ్లందరూ చూశారు. కొందరు లేచి నిలబడ్డారు. రెండోరోజు వంజరం చేప తెచ్చి, తనే కడిగి, పులుసు పెట్టించుకుని, రాగిపిండితో కాచిన చోడి అంబలితో కడుపునిండా తిన్నాడు. పడిపోయిన దడి కట్టాడు. పక్కింటివాళ్లతో దడి హద్దు గురించి పోట్లాడాడు కూడా, గొంతు పెద్దది చేసి. లోపల అన్నం వండుతున్న నీలవేణి ఆ కేకలు విని, గరిటె పట్టుకునే ఏడ్చింది. రాత్రిళ్లు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

ఆరోరోజు వాంతులు మొదలయ్యాయి. అరచేతులు పొరలూడాయి. కాళ్లు ఉన్నట్టు తెలియడంలేదన్నాడు. కడుపులో మంటకు మెలితిరిగిపోయాడు గాని, ఊపిరి మాత్రం చివరిదాకా హాయిగా ఆడింది.

"నువ్వు తప్పు సెయ్యనేదే" అన్నాడు ఎనిమిదోరోజు.

"చేశాను బావా. రెండుసార్లు చేశాను."

తొమ్మిదోరోజు పొద్దు వాలకముందే పోయాడు. సర్టిఫికెట్టులో పాషాణమని రాయమని నీలవేణి అడిగింది. పోలీసులకు తనే చెబుతానంది. డాక్టరు ఊపిరితిత్తుల జబ్బు అని రాసి, సంతకం పెట్టి, ఆమె చేతిలో పెట్టింది. "మిగతావాళ్లను ఎవరు చూస్తారు మీరు జైలుకెళితే?" అని మాత్రం అంది.

నీలవేణి ప్రయోగశాలకు వెళ్లి, మిగిలిన మందును సున్నంలో కలిపి గడ్డకట్టించి, గోతిలో పూడ్చింది. పీపాల గది తాళంచెవి ప్రకాశరావు గారికి ఇచ్చేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఉదయం తొమ్మిది గంటలప్పుడు, బయట దగ్గులు వినిపించి ఆమె తలుపు తీసింది.

వాకిట్లో జనం. కాలనీలో నడవగలిగినవాళ్లంతా ఉన్నట్టున్నారు. నడవలేనివాళ్లను కుర్చీల్లో మోసుకొచ్చారు. కుళాయి దగ్గర బిందెలు పెట్టినట్టు వరసగా, ఒకరి వెనక ఒకరు, దడి పొడుగునా వీధి మలుపుదాకా ఉన్నారు. చివరికి ఆ రోజు వచ్చింది, నన్ను కొట్టడానికే వచ్చారు అనుకుంది నీలవేణి. అనుకుని, గడప దాటి ముందుకొచ్చి నిలబడింది.

ముందున్నవాడు గొర్లె అప్పలస్వామి, యాసిడ్ ట్యాంకరు నడిపినవాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"అమ్మా... తవిటినాయుడికిచ్చినావు కదా... అది మాకూ ఇయ్యి."

నీలవేణికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గడపలోకి వెనక్కి జరిగింది.

"అది మందు కాదు తాతా. విషం. బావ దానివల్లే చచ్చిపోయాడు."

"తెలుసమ్మా. తొమ్మిది రోజులు." అతను ఊపిరి కోసం ఆగాడు. "అందరం సూసినాం. సముద్రం కాడికి... నడిసెల్లినాడు."

"లేదు. పూడ్చేశాను. ఒక్క చుక్క కూడా లేదు."

ఆ మాట వరసలో వెనక్కి, ఒకరి నోటినుంచి ఒకరికి, మలుపుదాకా వెళ్లింది. ఎవరూ కదలలేదు. అప్పలస్వామి వెనక ఒక ఆడమనిషి ఉంది. పాదాల దగ్గర ఏడేళ్ల పిల్ల ఆమె చీరకుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

"మళ్లీ సెయ్యొచ్చు కదమ్మా" అంది ఆ ఆడమనిషి. "ఈ గుంటపిల్లకొద్దు. నాకే. దీంతో... రెండు మాటలు కలిపి ఆడలేకపోతన్నాను. ఇల్లెక్కడుందో, ఎవలి దగ్గరికెల్లాలో... సెప్పాల్సినవి శానా ఉన్నాయి. ఓ వారం... మాట వత్తే సాలు."

నీలవేణి నోరు తెరిచింది. చెయ్యలేనని చెప్పాలి. చెయ్యగలదని ఆమెకు తెలుసు, వాళ్లకూ తెలుసు. చెయ్యకూడదని చెప్పాలి. ఎందుకు చెయ్యకూడదో చెప్పడానికి మాట దొరకలేదు. అత్తనడిగితే చెబుతుందని, ఈ జనాన్ని రెండు కేకలేసి పంపేస్తుందని, వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. మంచం ఖాళీగా ఉంది. పెరటితలుపు తీసి ఉంది.

మళ్లీ వీధిలోకి చూసింది. వరస వెంట ఆమె చూపు ఒక్కొక్క మొహాన్నీ దాటుకుంటూ వెళ్లింది. మలుపు దగ్గర, అందరికన్నా చివర, ఎర్రమ్మ ఉంది. కొడుకు పోయిన రోజున కట్టుకున్న చీరలోనే, నిలబడలేక నేలమీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

నీలవేణి వరస పక్కనుంచి నడిచి వెళ్లి ఆమె ముందు వంగింది.

"అత్తా, నువ్వు లోపలికి రా."

ఎర్రమ్మ తలెత్తలేదు. దగ్గు ఆగేదాకా ఉండి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"ముందు ఆల్లకియ్యవే" అంది. "నా వంతొచ్చినాక వత్తాను."